కోటకు కోట: పుదుచ్చేరి విధ్వంసం, లాస్‌పేట పేరు

పుదుచ్చేరి పాత పట్టణపు సరిహద్దుకు వెలుపల, వాయవ్య దిశలో ఉన్న లాస్‌పేట నేడు విమానాశ్రయంతోను, టాగోర్ కళాశాలతోను ప్రసిద్ధమైన ప్రాంతం. ఆ పేరులోని మొదటి పదం తమిళమూ కాదు, తెలుగూ కాదు. అది 1765 నుంచి 1777 వరకు, నడుమ కొద్దికాలం మినహా, పుదుచ్చేరి గవర్నరుగా ఉన్న జాఁ లా ద లోరిస్తాఁ ఇంటిపేరు. ఇతడు స్కాట్లండు మూలాలున్న కుటుంబంలో 1719లో పారిస్‌లో జన్మించాడు. కాగితపు ద్రవ్యంతో ఫ్రాన్సు రాజ్యాన్ని ఊపి, 1720లో దివాలా తీయించిన జాన్ లా ఇతనికి పెదతండ్రి. ఫ్రెంచి వర్తక సంఘం లోరిస్తాఁకు అప్పగించిన పుదుచ్చేరి నగరం కాదు, నగరపు శిథిలం. ఆ శిథిలం తుపానువల్లనో భూకంపంవల్లనో ఏర్పడినది కాదు. తమకు జరిగిన అపకారానికి బదులుగా, ఆలోచించి, ఆజ్ఞ జారీచేసి, కూలీలను పెట్టి చేయించిన పని అది.

బౌద్ధ వాఙ్మయంలో ‘వేర’ శబ్దానికి సంస్కృతంలోని ‘వైర’మే మూలమైనా, పాళీ కథలలో అది వ్యక్తి మనోభావం మాత్రమే కాదు. అది ఒకరి నుంచి మరొకరికి సంక్రమించే అప్పువంటిది. అప్పు చేసినవాడు ఒకడు, తీర్చేవాడు మరొకడు. పద్దెనిమిదో శతాబ్దపు కోరమండల తీరాన్నీ ఉత్తర సర్కారులనూ ఈ దృష్టితో పరిశీలిస్తే, లా కుటుంబపు అన్నదమ్ములిద్దరూ రెండు వేర్వేరు చోట్ల ఆ అప్పుపత్రానికి సాక్షులుగా కనిపిస్తారు.

తమ్ముడు ఝాక్ లా సైనికాధికారి. 1752లో శ్రీరంగంలో ఆంగ్ల పక్షానికి లొంగిపోయి అపకీర్తి మూటగట్టుకొన్నవాడు. తరువాత బుస్సీ సైన్యంలో చేరి, 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు నిలిచాడు. ఆ యుద్ధకథ తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది కాదు. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్ర మొదలు జంగం కథకుల పాటల వరకు దాన్ని తరతరాలు విన్నారు. అయితే కథకులు తక్కువగా చెప్పేది దాని ఆరంభం. విజయనగరం పూసపాటి విజయరామరాజుకూ బొబ్బిలి రంగారావుకూ నడుమ తగవు పొలిమేరల గురించి, కాలువ నీళ్ళ గురించి. పొరుగు గ్రామాల రైతులు ప్రతి ఎండాకాలం పడే తగవే అది. బొబ్బిలి సీమగుండా పోతున్న సిపాయిల చిన్న దళంపై దాడి జరిగి కొందరు చనిపోయారు. అది రంగారావు పనేనని విజయరామరాజు బుస్సీకి చెప్పాడు. ఆ దాడి వెనుక చేయి విజయరామరాజుదే అయి ఉండవచ్చన్న అనుమానాన్ని సమకాలిక ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ సైతం దాచలేదు. బుస్సీ మొదట రాజీ ప్రతిపాదించాడు. రంగారావు బొబ్బిలి విడిచి, బదులుగా మరోచోట భూములు తీసుకోవాలన్నాడు. అది కుదరలేదు. తండ్రుల నాటి కోటను వదలడం అవమానమని రంగారావు భావించాడు. ఫిరంగులు కదిలాయి.

కోటలోని స్త్రీలూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా తమవారి చేతులలోనే మరణించారు. గోడలెక్కి లోపలికి దిగిన ఫ్రెంచి సైనికులు గెలుపు సంతోషాన్ని మరచి మ్రాన్పడిపోయారని ఓర్మ్ వర్ణించాడు. ఆ సమయంలో ఒక మూలనుంచి ఒక వృద్ధుడు పసివాణ్ణి చేయిపట్టుకొని నడిపించుకొంటూ వచ్చాడు. బాలుడు రంగారావు కుమారుడు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఆ ప్రాణాన్ని దాచినట్లు చెప్పి, వృద్ధుడు అతణ్ణి ఝాక్ లాకే అప్పగించాడు. లా ఆ బాలుణ్ణి బుస్సీ వద్దకు చేర్చాడు. తండ్రికి ఇవ్వజూపిన భూములనే కుమారునికి రాసియిచ్చి, అతనికి కాపలా పెట్టవలసిందిగా బుస్సీ ఆజ్ఞాపించాడు. కుమారుని ఆయువు ఆ ముసలివాని అవిధేయతవల్ల నిలిచిందన్న మాటను వీరగాథ ఎక్కువగా పాడదు.

కొద్ది రాత్రుల తరువాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో ప్రవేశించి అతణ్ణి పొడిచి చంపాడు. తానూ అక్కడే మరణించాడు. పాపారాయుని సాహసం తెలుగు నాలుకపై నేటికీ ఉంది. తన ప్రాణం ఒడ్డి, నేరుగా అపకారి వద్దకే వెళ్ళిన ప్రతీకారం కనుక దానిలో ఒక విధమైన నిజాయితీ లేకపోలేదు. దాని ఫలితం మాత్రం ఇరు సంస్థానాలకూ దక్కలేదు. విజయరామరాజు స్థానంలోకి వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిపై అసంతృప్తితో 1758లో విశాఖపట్నాన్ని వారినుంచి లాక్కొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డు ఆ ఏటి డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకొన్నాడు. కాలువ నీటి తగవుతో మొదలైన వైరం రెండేళ్ళలో ఉత్తర సర్కారులలో ఫ్రెంచి అధికారాన్ని తుడిచిపెట్టి, ఆంగ్లేయులకు దారి పరిచింది. బొబ్బిలికి, విజయనగరానికి చెందిన ఈ నేల ప్రాచీన కళింగంలో భాగం. విజయనగరానికి సమీపాన రామతీర్థం గురుభక్తకొండపై బౌద్ధ విహారాల ఇటుక గోడలు నేటికీ ఉన్నాయి.

ఇక పుదుచ్చేరి సంగతి. అక్కడ ప్రతీకారం చేసినవారు రాజులు కారు, వీరులు కారు, వర్తక సంఘాలు. ఎవరిది మొదటి అపకారం అన్న ప్రశ్నకు ఒక్కొక్క పక్షం ఒక్కొక్క తేదీ చూపుతుంది. 1746 సెప్టెంబరులో లాబూర్డొనే చెన్నపట్నాన్ని పట్టుకొని, విమోచన ధనం పుచ్చుకొని తిరిగి ఇస్తానని ఒప్పుకొన్నాడు. డూప్లే ఆ మాటను తోసిపుచ్చాడు. 1748లో బాస్కవెన్ నౌకాదళంతో వచ్చి పుదుచ్చేరిని ముట్టడించి విఫలుడై వెనుదిరిగాడు. ఆ ఏటి ఐరోపా సంధివల్ల చెన్నపట్నం ఆంగ్లేయులకు తిరిగి దక్కింది. 1757 మార్చిలో క్లైవ్, వాట్సన్‌లు వంగదేశంలోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్‌ను జయించారు. తరువాత దాని కోటను నేలమట్టం చేశారు. వంగదేశంలో ఐరోపా జాతులు పరస్పరం తటస్థంగా ఉండాలన్న వాడుకను ఆంగ్లేయులు భంగం చేశారని ఫ్రెంచివారి అభియోగం.

ఆ వేసవిలోనే బుస్సీ గోదావరి పాయల మీది ఆంగ్ల వర్తక గృహాలను, మాధవాయపాలెం, బెండమూర్లంక, ఇంజరంలను వశం చేసుకొని, జూన్‌లో విశాఖపట్నం చేరాడు. అక్కడ అతడు చేసినది గమనింపదగినది. సైనికులను బందీలుగా పట్టుకొన్నాడు గాని, ఆంగ్ల ఉద్యోగుల సొంత ఆస్తి జోలికి పోలేదు. వారిని గౌరవంగా పంపివేశాడు. చందర్‌నగర్ వార్త అప్పటికి పాతబడలేదు. విజేతకు అవకాశం ఉండీ ప్రతీకారం చేయని సందర్భాలు చరిత్రలో తక్కువగా నమోదవుతాయి. అవి తరువాతి గొలుసుకు కొక్కెం కావు కనుక.

1758 ఏప్రిల్ 28న కౌంట్ లాలీ పుదుచ్చేరిలో దిగాడు. ఇతని తండ్రి ఐర్లండునుంచి ప్రవాసం వచ్చినవాడు. ఇంగ్లండు రాజవంశపు మార్పులో దేశం కోల్పోయిన ఐరిష్ కుటుంబాలకు ఫ్రెంచి సైన్యం ఆశ్రయం. లాలీ 1745లో ఫాంతనాయ్ యుద్ధంలో ఆంగ్లేయులపై పోరాడి పేరు తెచ్చుకొన్నాడు. ఇతనికి ఆంగ్లేయులతో వైరం పితృ రుణం. భారతదేశంలో ఆంగ్లేయుడు మిగలకూడదన్నది ఇతని లక్ష్యం. జూన్ 2న కడలూరు దగ్గర దేవనాంపట్టణంలోని సెయింట్ డేవిడ్ కోట లొంగిపోయింది. లాలీ దాన్ని కూల్చివేయించాడు. ఆ ఏటి డిసెంబరులో చెన్నపట్నంపై పడి నల్లవారి పట్టణాన్ని అతని సైన్యం దోచుకొంది. కోట మాత్రం దక్కలేదు. 1759 ఫిబ్రవరిలో ముట్టడి ఎత్తివేశాడు. 1760 జనవరి 22న వందవాసి వద్ద ఐర్ కూట్ అతణ్ణి ఓడించాడు. ఆ పిమ్మట ఫ్రెంచివారికి పుదుచ్చేరి తప్ప చెప్పుకోదగిన బలం మిగలలేదు.

ఐరోపాలో అంతర్జాతీయ న్యాయం గురించి వాటెల్ రాసిన ప్రసిద్ధ గ్రంథం అచ్చయినది సరిగ్గా 1758లోనే. కంటికి కన్ను అన్న సూత్రం దేశాల నడుమ న్యాయం కాదని, చేయని తప్పుకు నిరపరాధిని దండించడమే అందులో జరుగుతుందని అతడు వాదించాడు. కోటలను పడగొట్టడాన్ని మాత్రం యుద్ధ హక్కులలో ఒకటిగా ఒప్పుకొన్నాడు. ఆ సందుగుండా ఎంత దూరం పోవచ్చునో రెండున్నర ఏళ్ళలో తెలిసివచ్చింది.

ముట్టడి బిగిసిన 1760 నవంబరు చివరలో పుదుచ్చేరిలో తిండిగింజలు అడుగంటాయి. సైనికుల కోసం గింజలు మిగల్చడానికి లాలీ స్థానిక ప్రజలలో పద్నాలుగు వందలమందిని పట్టణం వెలుపలికి గెంటించాడు. వారిని దాటిపోనివ్వడానికి ఆంగ్ల సైన్యం ఒప్పుకోలేదు; వెనక్కు తోసింది. తిరిగి వెళితే కోటగోడ మీదినుంచి తుపాకులు. ఎనిమిది రోజులపాటు ఆడవాళ్ళూ పిల్లలూ రెండు సైన్యాల నడుమ బయలులో దుంపలు, వేళ్ళు ఏరుకొని బతికారు. చివరికి కూట్ దారి విడిచాడు. వీరెవ్వరూ చందర్‌నగర్‌ను కూల్చలేదు, సెయింట్ డేవిడ్ కోట ముఖమైనా చూసి ఉండరు. ప్రతీకారపు లెక్కలలో వీరి పద్దు ఏ పక్షపు పుస్తకంలోనూ లేదు.

పాతికేళ్ళ పుదుచ్చేరి జీవితాన్ని దినచర్యగా రాసిపెట్టిన దుబాసీ ఆనందరంగ పిళ్ళై, నగరం లొంగిపోవడానికి కొద్ది రోజుల ముందే, ఆ జనవరిలోనే కన్నుమూశాడు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని అంకితమిచ్చిన ప్రభువు ఆయనే. తాను ఎదిగిన వీథులు కూలడం చూడవలసిన అగత్యం ఆయనకు తప్పింది.

జనవరి 15న లాలీ లొంగుబాటు పత్రం పంపాడు. ఆ పత్రపు మొదటి మాటే చందర్‌నగర్. నమ్మకానికి ద్రోహం చేసి ఆంగ్లేయులు దాన్ని తీసుకొన్నారు కనుక తాను షరతుల గురించి మాట్లాడలేనని అన్నాడు. ఆ సంగతికీ పుదుచ్చేరి లొంగుబాటుకూ సంబంధం లేదని కూట్ జవాబిచ్చాడు. ఓడిన పక్షానికి గతం యావత్తూ సందర్భమే. గెలిచిన పక్షానికి సెయింట్ డేవిడ్ కోట తరువాతి గతం మాత్రమే సందర్భం. నగరంలోని భవనాల విషయంలో కూట్ ఏ హామీ ఇవ్వలేదు.

ఆంగ్లేయుల చేతిలో మరొక పత్రం ఉంది. పట్టుబడిన ఆంగ్ల స్థావరాలను నాశనం చేయవలసిందిగా ఫ్రెంచి మంత్రివర్గం లాలీకి రాసిన ఆదేశాలు దారిలో వారికి దొరికాయి. అందుకు బదులుగా ఫ్రెంచి స్థావరాలకూ అదే గతి పట్టించాలని లండనులోని కంపెనీ డైరెక్టర్లు నిర్ణయించారు. చెన్నపట్నం గవర్నరు జార్జి పిగట్ పుదుచ్చేరిని కంపెనీకి అప్పగించాలని కోరాడు. సైనికాధికారులు అది రాజుగారి విజయమని అభ్యంతరం చెప్పారు. అప్పగించకపోతే సైన్యపు ఖర్చులకూ బందీల తిండికీ డబ్బు ఇవ్వనని పిగట్ తెగేసి చెప్పేసరికి వారు దిగివచ్చారు. ప్రతీకారం ఇక్కడ ఖడ్గంతో గాక నగదు పెట్టె తాళంతో నడిచింది. మొదట కోటగోడలు, తరువాత గవర్నరు భవనం, ఆపై ఇళ్ళు. కొన్ని మాసాలలో నిలువుకప్పు ఉన్న ఇల్లు దాదాపు మిగలలేదు. సెయింట్ డేవిడ్ కోటకు బదులు పుదుచ్చేరి కోట సరిపోయేది. నేత బట్టల వ్యాపారంలో పోటీదారుగా ఉన్న నగరం యావత్తూ పోవడం కంపెనీకి నష్టమైన సంగతి కాదు. కోపం ఎక్కడ ముగిసి లాభం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. వ్యక్తుల పగకన్నా సంస్థల పగలో ఈ కలగలుపు ఎక్కువ. అపకారం ఒక సాకు ఇస్తుంది, లెక్కల పుస్తకం కొలత ఇస్తుంది.

లాలీపై సొంతవారి పగ కూడా అప్పుడే బయటపడింది. జనవరి 18న అతడు నగరం విడిచిపోతూంటే ఫ్రెంచివారే గుమిగూడి తిట్టారు. వెంట ఉన్న వృద్ధాధికారి ద్యుబ్వా ఆ గందరగోళంలో హతుడయ్యాడు. ఇంగ్లండులో బందీగా ఉన్న లాలీ తన పేరు నిలుపుకోవడానికి మాటమీద విడుదల పొంది పారిస్ వెళ్ళాడు. ఓటమికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. 1766 మే 9న అతని తల తీశారు. ఆ తీర్పు అన్యాయమని వోల్టేర్ ఏళ్ళ తరబడి పోరాడాడు; 1778లో రాజమండలి దాన్ని రద్దుచేసింది.

పుదుచ్చేరి లొంగుబాటు పత్రం రాసిన అదే దినం, 1761 జనవరి 15న, అన్న జాఁ లా ద లోరిస్తాఁ బిహార్ షరీఫ్‌కు పడమర సువాన్ అనే గ్రామం వద్ద యుద్ధరంగంలో ఉన్నాడు. ప్రాచీన నాలందా మహావిహారపు శిథిలాలు అక్కడికి ఎక్కువ దూరం కాదు. కాసింబజారు వర్తక గృహాధిపతిగా ఉండిన అతడు చందర్‌నగర్ పతనం తరువాత కొద్దిమంది ఫ్రెంచివారితో తిరుగాడి షా ఆలం పక్షాన చేరాడు. చక్రవర్తి సేన చెదరిపోగా, ఒక ఫిరంగిపై కూర్చొని ఉండిపోయాడు. ఆంగ్ల సేనాపతి కార్నాక్ టోపీ చేతబట్టి దగ్గరికి వచ్చి లొంగిపొమ్మని కోరాడు. కత్తి మాత్రం ఇవ్వనని లోరిస్తాఁ అన్నాడు, సరేనన్నారు. పల్లకి తెప్పించి గౌరవంతో తీసుకొనిపోయారు. ఆంగ్ల పక్షపు స్థానిక సరదారు ఒకడు బందీని వెక్కిరిస్తూ అతని భార్య ఎక్కడని అడిగితే, ఓడిన శూరుని ఎగతాళి చేయడం తమ ఆచారం కాదని కార్నాక్ మందలించాడు. ఈ ఘట్టాన్ని పారసీక చరిత్రకారుడు గులాం హుసేన్ ఖాన్ ఆశ్చర్యంతో, మెచ్చుకోలుతో రాశాడు. ఒకే జాతి సైన్యాలు ఒకే దినాన రెండు విధాలుగా నడుచుకొన్నాయి. దొర దొరకు చూపిన మర్యాద వేరు, నగరానికి పట్టిన గతి వేరు అనుకోవలసివస్తుంది.

మహావగ్గంలోని దీఘావు కథను బౌద్ధులు ఈ విషయంలో తరచు స్మరిస్తారు. కాశీరాజు బ్రహ్మదత్తుడు కోసలరాజు దీఘీతిని చంపించాడు. వధ్యస్థానంలో తండ్రి కొడుకుకు చెప్పిన మాట, వైరాన్ని దీర్ఘంగా సాగనీయవద్దని, స్నేహాన్ని తొందరపడి తెంచవద్దని. మారువేషంలో కొలువు చేరిన దీఘావు, తన ఒడిలో తలపెట్టి నిద్రిస్తున్న రాజుపై మూడుమార్లు కత్తి దూసి మూడుమార్లు ఒరలో పెట్టాడు. తాను రాజును చంపితే రాజు పక్షంవారు తనను చంపుతారని, తన పక్షంవారు వారిని చంపుతారని అతడు తరువాత వివరించాడు. బొబ్బిలినుంచి మచిలీపట్నం దాకా నడిచినది అదే. కథలో గుర్తుంచుకోవలసిన చిన్న సంగతి మరొకటి ఉంది: బుద్ధుడు దీన్ని చెప్పినది కలహిస్తున్న కౌశాంబీ భిక్షువులకు. వారు వినలేదు. ఆయన వారిని విడిచి పారిలేయ్యక వనానికి వెళ్ళిపోయాడు. శాక్యులు తన ఆసనాన్ని పాలతో కడిగించారన్న అవమానానికి వారి రక్తం కోరిన విడూడభుణ్ణి కూడా బుద్ధుడు మూడుసార్లు ఆపగలిగాడు, నాలుగోసారి ఆపలేదు. శాక్యుల వంశం నశించింది, విడూడభుణ్ణి అచిరవతి వరద తీసుకొనిపోయింది. బౌద్ధ గ్రంథాలు ప్రతీకారాన్ని మాన్పడం సులభమని ఎక్కడా చెప్పలేదు.

రాజ్యాధికారం చేతిలో ఉన్నవాని మాట కావాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలే ఉన్నాయి. అశోకుని పదమూడో శిలాశాసనం అక్కడ ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడలలో లేదు. అపకారం చేసినవాణ్ణి క్షమించగలిగినంత మేరకు క్షమించాలని ఆ చక్రవర్తి భావం. అటవికులకు మాత్రం, పశ్చాత్తాపంలోనూ తన దండశక్తి తగ్గలేదని గుర్తుచేశాడు. ఆ మినహాయింపు ఉన్నందువల్లనే ఆ శాసనం పాలకుని మాటగా నమ్మదగినది. నిరపరాధులపైనా వారి ఆస్తులపైనా ప్రతీకార చర్య కూడదని లోకరాజ్యాలు స్పష్టంగా రాసుకొన్నది 1949 నాల్గవ జెనీవా ఒప్పందపు 33వ అధికరణంలో.

1763 పారిస్ సంధి పుదుచ్చేరిని ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చింది. 1765 ఏప్రిల్‌లో లోరిస్తాఁ వచ్చి దాన్ని స్వాధీనం చేసుకొన్నాడు. పాత వీథుల గీతలమీదనే నగరాన్ని మళ్ళీ కట్టించాడు. చెదరిపోయిన నేతగాళ్ళనూ వర్తకులనూ వెనక్కు రప్పించవలసివచ్చింది. 1768లో శుక్రగ్రహ సంక్రమణం చూడడానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు ల జాంతీ వచ్చినప్పుడు, కూలిన కోట శిథిలాలపై అతనికి వేధశాల కట్టించి ఇచ్చాడు. 1769 జూన్‌లో ఆ గడియకు మబ్బు పట్టి ల జాంతీ ఏమీ చూడలేకపోయాడు. అయితే వీరాంపట్టణం పరిసరాలలో ఒక రాతి విగ్రహాన్ని చూసి, జనులు దాన్ని బౌద్ధ నామంతో పిలుస్తున్నారని తన యాత్రాగ్రంథంలో నమోదుచేశాడు. పుదుచ్చేరి ప్రాంతపు బౌద్ధావశేషాలను గురించి ఐరోపా లేఖనాలలో కనిపించే తొలి ప్రస్తావనలలో అది ఒకటి.

లోరిస్తాఁ 1777లో పదవి విడిచిపెట్టాడు. మరుసటి ఏడు ఫ్రాన్సు అమెరికా యుద్ధంలో చేరగానే హెక్టర్ మన్రో ఆంగ్ల సైన్యంతో వచ్చాడు. 1778 అక్టోబరులో గవర్నరు బెల్‌కోంబ్ లొంగిపోయాడు. కొత్తగా లేచిన కోటగోడలను ఆంగ్లేయులు మళ్ళీ పగలగొట్టించారు.